అండమునకొక గడువు, ప్రభుత్వమునకొక గడువు

2019 సెప్టెంబరులో గుంటూరు నగరమందలి యొక ప్రైవేటు ఆసుపత్రిలో, డెబ్బదియేండ్లు దాటిన వృద్ధురాలొకామె కవల ఆడుబిడ్డలను కనినదను వార్త, తెలుగు పత్రికలనుండి సముద్రములు దాటి, ఆక్లండు నగరమున సాండ్రింగ్‌హాము, మౌంట్ రాస్కిల్ ప్రాంతములలో కాపురముండు మనవారి సెల్‌ఫోనులలోనికి గూడ వచ్చి చేరినది. చదివినవారిలో పలువురు ఆశ్చర్యపడిరి. కొందరు ఈ వయస్సున ఇదేమి చోద్యమని ముక్కున వ్రేలు వేసికొనిరి. మరికొందరు "ఆమెకే కాన్పయినప్పుడు 38 ఏండ్ల మనకేమి తొందర" యని ధైర్యము తెచ్చుకొనిరి. నా విచారమంతయు ఈ మూడవ తెగవారిని గూర్చియే. ఆ బిడ్డలు పెరిగినది ఆ తల్లి గర్భముననే యైనను, వారు ఏ అండములనుండి రూపొందిరో ఆ అండములు ఆమెవి కావు. వయస్సులో నున్న మరియొక స్త్రీ దానమిచ్చినవి. శీర్షికల కెక్కినది తల్లి వయస్సు; దాత సంగతి లోపలనెక్కడనో ఒక వాక్యముగా మిగిలిపోయినది.

గర్భాశయము చాల ఓర్పుగల అవయవము. ముట్లుడిగి ఏండ్లు గడచినను, కావలసిన హార్మోనులను బయటినుండి అందించినచో, అది మరల పిండమును నిలుపుకొని మోయగలదు. అట్లు మోయుట ఆ వయస్సున తల్లి గుండెకును రక్తపు పోటునకును ఎంత ప్రమాదమో అది వేరు సంగతి. అండము విషయమట్లు కాదు. ఆడశిశువు తల్లి కడుపున ఐదవ నెలలో నుండగా దాని అండాశయములలో 60, 70 లక్షల బీజాండములుండును. పుట్టునాటికవి 10 నుండి 20 లక్షలకు దిగును. ఈడేరునాటికి మిగులునవి మూడు నాలుగు లక్షలు. వీనిలో నెలకొకటి చొప్పున బయటపడునవి జీవితకాలమంతటను 400, 500 మాత్రమే. తక్కినవన్నియు, గర్భము ధరించినను ధరింపకున్నను, గర్భనిరోధపు మాత్రలు మ్రింగినను మ్రింగకున్నను, ఏ నొప్పియు ఏ సూచనయు లేకుండ కరగిపోవుచునే యుండును. మాత్రలు వాడినన్నాళ్ళు అండములు ఆదాయగునని నమ్ము విద్యావంతురాండ్రను నేనెరుగుదును. ఆ నమ్మకము నిజము కాదు.

తరుగునది సంఖ్య యొక్కటియే యైనచో అంత చింత లేకపోవును. బిడ్డకు కావలసినది ఒక్క అండమే గదా. అసలు చిక్కు నాణ్యమునందున్నది. స్త్రీకి తన తలిదండ్రులవలన సంక్రమించిన 23 జతల క్రోమోజోములు, ఆమె యింకను గర్భస్థశిశువుగా నున్నప్పుడే, ప్రతి బీజాండములోను ఒకదానితో నొకటి పెనవేసికొని, విడిపోవుటకు సిద్ధపడి, ఆ సిద్ధపాటులోనే నిలిచిపోవును. ఆ అండము ఏనాడో యొక నెలలో విడుదల కెన్నికయగు వరకు ఆ నిలుపుదల సాగును. ఇరువదేండ్ల యువతి అండమున కది 20 ఏండ్ల నిరీక్షణ, నలువదేండ్ల స్త్రీ అండమునకు 40 ఏండ్ల నిరీక్షణ. ఇంతకాలమును ఆ జతలను వీడిపోనీయక పట్టియుంచునది కొహీసిన్ అను ప్రోటీను. పుట్టుకకు ముందు సమకూడినదే తప్ప తరువాత ఈ ప్రోటీను క్రొత్తది వచ్చి చేరుట లేదని ఎలుకలపై జరిగిన పరిశోధనలు చూపినవి. ఏండ్లు గడచినకొలది ఆ పట్టు సడలును; సడలిన జతలు పంపకమునాడు సరిగా విడిపోవు; అండమునకు ఒక క్రోమోజోము ఎక్కువయో ఒకటి తక్కువయో దక్కును. అట్టి అండములలో అధికభాగము పిండమే కాదు, అయినను నిలువదు. నార్వే దేశపు కాన్పుల లెక్కలను బట్టి 2019లో ప్రకటితమైన పరిశీలనలో, ఇరువదుల చివర నున్న స్త్రీలలో గర్భస్రావములు నూటికి పది కాగా, 45 దాటినవారిలో సగమునకు మించినవి. డౌన్ సిండ్రోముతో బిడ్డ పుట్టు అవకాశము 25 ఏండ్ల తల్లికి సుమారు 1250లో ఒకటి, 40 ఏండ్ల తల్లికి 100లో ఒకటి.

వయస్సు పెరిగినకొలది కాన్పులు తగ్గుట దంపతుల సాన్నిహిత్యము తగ్గుటవలన గాని, భర్త ముదియుటవలన గాని కావచ్చునే, అండముపై ఈ నింద ఏల యని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. దానికి 1982లో ఫ్రాన్సు దేశమునుండి సమాధానము వచ్చినది. భర్తలకు వీర్యకణములు బొత్తిగా లేనందున దాతల వీర్యముతో చికిత్స పొందిన 2193 మంది స్త్రీలను అక్కడి పరిశోధకులు పరిశీలించిరి. సాన్నిహిత్యపు ప్రసక్తి గాని భర్త వయస్సు ప్రసక్తి గాని ఇక్కడ లేదు. పండ్రెండు ఋతుచక్రములు ముగియునప్పటికి, 30 లోపు వారిలో నూటికి 73, 74 మంది గర్భవతులు కాగా, 31 నుండి 35 వరకు గలవారిలో 61, ఆ పైవారిలో 54 మంది మాత్రమే యైరి. ఈ అంకెలలో భయమెంత కలదో ఊరటయు నంత కలదు. 35వ పుట్టినరోజున తలుపేదియు మూతపడదు. ఆ పై వయస్సులో గూడ సగముమందికి మించి కడుపు పండినది. అయితే 37, 38 దాటినపిమ్మట తరుగుదల వేగమందుకొనును. 40 దాటినచో మరియు త్వరితమగును.

ఇచట భారతీయ స్త్రీలను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఐవిఎఫ్ చికిత్సకు వచ్చిన భారతీయ స్త్రీలను, స్పెయిను దేశపు స్త్రీలను పోల్చి చూచిన 2014 నాటి పరిశోధనయొకటి, అండాశయముల లోపలి నిల్వ విషయమున మనవారు సుమారు ఆరేండ్లు ముందుగా వృద్ధులగుచున్నట్లు కనుగొన్నది. అది చికిత్సాలయముల గడప తొక్కినవారి లెక్క. లోకమందలి భారతీయ స్త్రీలందరికి దానిని అంటగట్టరాదు. అయినను పాశ్చాత్యుల వయస్సు పట్టికలను మనకు యథాతథముగ అన్వయించుకొని నిశ్చింతగా నుండుటకు వీలులేదని మాత్రము అది హెచ్చరించుచున్నది. ఇక ఏఎమ్‌హెచ్ అను రక్తపరీక్ష కలదు. ఇంటికే వచ్చి నెత్తురు తీసికొనిపోయి "మీ సంతానశక్తి యింత" యని చీటి పంపు వ్యాపారము దేశదేశముల సాగుచున్నది. ఆ పరీక్ష ఐవిఎఫ్ నాడు ఎన్ని అండములు చేతికి రాగలవో అంచనా కట్టునే గాని, సహజముగా గర్భము నిలుచునో లేదో చెప్పజాలదని 30 నుండి 44 ఏండ్ల వరకు గల 750 మంది అమెరికా స్త్రీల విషయమున 2017లో తేలినది. చీటిలో అంకె బాగున్నదని మూడేండ్లు వాయిదా వేయుటయు, బాగులేదని కుంగిపోవుటయు రెండును తగవు.

న్యూజిలాండులో గొర్రెలను తలవక ఏ ప్రసంగమును పూర్తి కాదందురు. నేనును ఆ మర్యాద తప్పను. దక్షిణ ద్వీపమున డునీడిన్ నగరము చెంతనున్న ఇన్వర్‌మే పరిశోధనాక్షేత్రమువారు ఇన్వర్‌డేల్ అను గొర్రెల వంశమొకదానిని గుర్తించిరి. ఆ వంశపు జన్యువు ఒక్క ప్రతి గల గొర్రె మామూలుకంటె ఎక్కువ అండములను విడిచి కవలల నీనును. రెండు ప్రతులును గల గొర్రె అసలే ఈనదు, దాని అండాశయములు సన్నని చారలవలె మిగిలిపోవును. 2000 సంవత్సరమున ఆ జన్యువు బిఎమ్‌పి15 అని ఈ దేశపు శాస్త్రజ్ఞులు తేల్చిరి. అండము తన చుట్టునున్న కణములు పోషింపగా ఊరక పెరుగునని అదివరకు తలచుచుండగా, అండమే ఆ ప్రోటీనును స్రవించి వానిని నడపుచున్నదని దీనివలన స్పష్టపడినది. కొందరు స్త్రీలకు అకాలమున అండాశయములు ఉడిగిపోవుటకు గూడ ఇదే జన్యువునందలి దోషము కారణమని తరువాత కనుగొనిరి. ఇంత సూక్ష్మజ్ఞానము గొర్రెల మందలనుండి సంపాదించిన దేశము, తన స్త్రీలకు చేసిన ఏర్పాటు ఎట్లున్నదన్నదే ఇక నేనడుగ దలచిన ప్రశ్న.

సంతాన చికిత్స ఇక్కడ నిన్న మొన్నటిది కాదు. ఆక్లండునందలి నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో హార్మోను చికిత్స పొందిన యొక తల్లికి 1965లో ఒకే కాన్పున ఐదుగురు బిడ్డలు పుట్టి లోకమంతట వార్తయైరి. 1978లో ఇంగ్లండునందు మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువు పుట్టిన ఆరేండ్లకు, 1984లో, ఆ ఆసుపత్రివారి కృషివలననే న్యూజిలాండు మొదటి ఐవిఎఫ్ శిశువును చూచినది. నేడు అర్హత గలవారికి రెండు పర్యాయముల ఐవిఎఫ్ ఖర్చు ప్రభుత్వమే భరించును. మన దేశమున ఇల్లు తాకట్టు పెట్టి సంతాన సాఫల్య కేంద్రముల కెక్కు దంపతులను చూచినవారికి ఇది సామాన్యమైన ఉపకారముగ కనబడదు. కాని ఆ అర్హతకు మార్కుల పద్ధతి యొకటి పెట్టిరి. 65 మార్కులు రావలెను. స్త్రీకి 40 నిండకముందే పేరు చేరవలెను, పొగ త్రాగరాదు, దేహభార సూచిక 32 మించరాదు. ఈ చివరి నిబంధన మావోరీ, పసిఫిక్ ద్వీపముల స్త్రీలను ఎక్కువగా తోసివేయుచున్నదని చాలకాలముగా విమర్శ కలదు.

నాకు మిక్కిలి అన్యాయముగ తోచునది వేరొకటి. పరీక్షలన్నియు చేసి, నాళములు సరియే, వీర్యము సరియే, కారణమేమియు కనబడుటలేదని వైద్యులు చెప్పిన దంపతులు కావలసిన మార్కులు తెచ్చుకొనవలెనన్న సాధారణముగా ఐదేండ్లు ప్రయత్నించి విఫలురై యుండవలెను. 25 ఏండ్ల యువతి విషయమున ఈ నిరీక్షణ వివేకమే. ఆ కాలములో చాలమందికి చికిత్స లేకయే నెల తప్పును, ప్రజల ధనమును మిగులును. 36 ఏండ్ల స్త్రీ లెక్క చూడుడు. ఐదేండ్లు ముగియునప్పటికి ఆమెకు 41. 40 నాడే తలుపు మూసికొన్నది. కొన్ని నెలలు ముందుగా 35లో ప్రయత్న మారంభించిన స్త్రీ సైతము ఆ గడప యెదుట ఆగిపోవును. నియమమేదియు ఆమెను నోరు తెరచి కాదనలేదు. రెండు నియమములు చేతులు కలిపి కాదన్నవి. తక్కువ అవకాశము గల వయస్సున పన్నుల ధనము వెచ్చింపరాదన్నది ప్రభుత్వపు వాదము. ఆ వాదము నేనంగీకరింతును. కాని ఆ అవకాశము తగ్గుటకు ప్రభుత్వము పెట్టిన నిరీక్షణయే కారణమైనప్పుడు ఆ తగ్గుదలనే చూపి నిరాకరించుట ఏ ధర్మము? 35 దాటినవారికి ఐదేండ్ల గడువును రెండేండ్లకు కుదించినచో ఖర్చు కొంత పెరుగును గాని, ఆ ఖర్చునకు ఫలము దక్కు వయస్సులో నది పెరుగును.

ఇక మనవారి సంగతి. తెలుగు పిల్ల ఇరువదినాలుగు, ఇరువదియైదవ యేట చదువుల వీసా మీద వచ్చును, చదువు ముగిసినపిదప పని వీసా, పని చూపించి నివాసాధికారమునకు దరఖాస్తు, దానిపై ఎదురుచూపు. నర్సులైనచో, వైద్యులైనచో ఇక్కడి రిజిస్ట్రేషను పరీక్షలు. నడుమ వివాహము, భర్త వీసా, ఆపై ఇంటి అప్పు. వీనిలో నొకటియు విలాసము కాదు. ఏ మెట్టునైనను "ఇప్పుడు కడుపుతో నున్నచో ఏమగును" అన్న భయము నిజమైన భయమే. వారము వారము స్వదేశమునుండి వచ్చు ఫోనులో తల్లియో అత్తయో "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని అడుగును, పిల్ల "ఇంకా లేదమ్మా" అని మాట మార్చును. ఆ ప్రశ్న కొడుకు నడుగరు. అల్లుని నడుగుట అసలే మర్యాద కాదు. సంతానలేమి గల దంపతులలో ఇంచుమించు సగముమందిలో పురుషుని వైపునను లోపము కనబడుచుండగా, వీర్యపరీక్ష చవకయు సులభమునై యుండగా, భార్యకు స్కానులు, రక్తపరీక్షలు, నాళముల పరీక్షలు అన్నియు ముగిసినపిదప గాని భర్త ఆ చిన్న డబ్బా పట్టుకొని ప్రయోగశాలకు పోడు. ఒక్కొక్కచోట ఏడాదికాలము ఈ బిడియముననే గడచిపోవును. అండమునకా ఏడాది తిరిగి రాదు.

ఈ మాటలు స్త్రీలను చదువు మానుడనియో, ఉద్యోగములు విడువుడనియో చెప్పుటకు సాధనములగునేమో యను శంక నాకు లేకపోలేదు. ఈ దేశపు చరిత్రయే అందుకు తార్కాణము. 1893లో స్త్రీలకు ఓటుహక్కు నిచ్చి కీర్తిగాంచిన ఈ గడ్డపైననే, పదమూడేండ్లు తిరుగకముందే, డునీడిన్ సమీపమున సీక్లిఫ్ మానసిక చికిత్సాలయపు అధికారియైన డాక్టరు ట్రూబీ కింగ్, బాలికలకు కఠినమైన చదువులు చెప్పుట వారి మాతృత్వశక్తిని చెరచునని ప్రచారము సాగించెను. శిశుసంరక్షణకై 1907లో ప్లంకెట్ సంఘమును స్థాపించి వేలమంది పసివారికి మేలుచేసిన వాడును ఆయనయే. మేధావియైనవాడు అండములను గూర్చి ఏమియు తెలియకయే బోధింపగలిగెను. తెలిసినదానిని చెప్పకుండుటయు నట్టి తప్పే. చదువు అండమును చెరుపదు; కాలము చెరుపును. చదువునకును ఉద్యోగమునకును నడుమ కాన్పునకు చోటు చూపని వీసాల వ్యవస్థను, వైద్యవ్యవస్థను మార్చుమని అడుగవలెను గాని స్త్రీని మార్చుమని కాదు.

జెసిండా ఆర్డర్న్ 2017 ఆగస్టులో లేబరు పార్టీ నాయకురాలైన గంటలలోనే, పిల్లలను కనదలచితివా యని టెలివిజను వారడిగిరి. ఉద్యోగమిచ్చువాడు స్త్రీని అట్లడుగుట ఈ కాలమున అంగీకార్యము కాదని ఆమె మరునాడు గట్టిగా బదులిచ్చెను. 2018 జూన్ 21న, ప్రధానమంత్రి పదవిలో నుండగనే, 37వ యేట, ఆక్లండు ప్రభుత్వాసుపత్రిలో ఆడుబిడ్డను కనెను. తమకు చికిత్స సాయము కావలసివచ్చునని వైద్యులు చెప్పియుండిరని ఆమె స్వయముగ వెల్లడించినది. లోకము ఆమె ధైర్యమును మెచ్చుకొన్నది. నేను మెచ్చుకొనునది ఆ వెల్లడిని.

1961లో ఈ దేశపు స్త్రీకి సగటున 4.3 బిడ్డలు, 2023లో 1.56. కాన్పునాటి తల్లుల మధ్యస్థ వయస్సు 1970 ప్రాంతమున 25 చేరువలో నుండగా నేడు 31 చేరువలో నున్నది. ఇందువలననే అండములను దాచుకొను వ్యాపారము పెరిగినది. మిల్లీమీటరులో పదవవంతు మాత్రముండు అండమును తృటికాలమున గాజువలె ఘనీభవింపజేసి, సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నుంచుదురు. అందులో నున్నన్నాళ్ళు దానికి వయస్సు పెరుగదు. ఈ విద్య నిజమైనదే. కాని పదిహేను అండములను దాచినచో పదిహేనుగురు బిడ్డలను దాచినట్లు కాదు. కరిగించునప్పుడు కొన్ని పోవును, ఫలదీకరణమున కొన్ని, ఐదురోజుల పెంపకమున మరికొన్ని. దాచిననాటి వయస్సు 35 లోపైనచో మిగులునవి ఎక్కువ, 40 అయినచో అతి తక్కువ. ఖర్చు వేలడాలర్లు, కాన్సరు చికిత్సవంటి వైద్యకారణము లేనిదే ప్రభుత్వమీయదు. చట్టప్రకారము పదేండ్లకు మించి నిలువయుంచుటకు నైతిక సంఘమువారి అనుమతి కావలెను. క్లినిక్కులు అదనముగ అంటగట్టు చికిత్సల విషయమునను జాగ్రత్త యవసరము. పిండమునుంచుటకు ముందు గర్భాశయపు పొరను గీరినచో ఫలితము మెరుగగునని ఏండ్ల తరబడి ధనము పుచ్చుకొని చేసిరి. ఆక్లండు విశ్వవిద్యాలయమువారు 1364 మంది స్త్రీలతో నడపి 2019లో ప్రకటించిన పరీక్షలో, గీరినవారికిని గీరనివారికిని బిడ్డలు కలిగినది సరిగ్గా నూటికి 26.1 చొప్పుననే.

తన అండములు పనికిరాని వయస్సు వచ్చినపుడు దాత అండములే మార్గము. న్యూజిలాండున 2004 నాటి చట్టము అండములను అమ్మరాదన్నది, కొనరాదన్నది. దాతకు ఖర్చులు మాత్రమే ఈయవచ్చును. దానమువలన పుట్టిన బిడ్డకు 18 ఏండ్లు నిండగనే దాత యెవరో తెలిసికొను హక్కున్నది. బంధువుల బిడ్డను దాపరికము లేక పెంచుకొను వాంగై ఆచారము మావోరీలలో తరతరములుగా నుండుటవలన, పుట్టుక తెలియుట బిడ్డ హక్కన్న భావము ఇచ్చట బలముగ పాదుకొన్నది. దాతలు అరుదు, అందువలన మనవారు సెలవుపెట్టి హైదరాబాదునకు పోవుదురు. భారతదేశపు 2021 చట్టము దాత పేరు రహస్యముగ నుంచును. బిడ్డ పెరుగునది మాత్రము ఆక్లండులో. బడిలో తన ప్రక్కన కూర్చున్న పిల్లకు గల హక్కు తనకు లేదని ఆ బిడ్డ ఒకనాడు తెలిసికొనును. దాచినచో దాగునను ధీమా, ఇంటింటి వంశవృక్షమును డి.ఎన్.ఏ. పరీక్షలు బయటపెట్టు ఈ రోజులలో చెల్లదు. హైదరాబాదునకు పోదలచిన దంపతులు బిడ్డతో ఏమి చెప్పదలచిరో ముందుగ నిశ్చయించుకొని పోవుట మేలు.

ఆరోగ్యశాఖవారిని నేను కోరునది పైన చెప్పియే యున్నాను. పాఠకులను కోరునది ఇంకను చిన్నది. 35 లోపువారు ఏడాది, ఆ పైవారు ఆరునెలలు ప్రయత్నించియు ఫలితము కానరానిచో జీపీ (కుటుంబవైద్యుని) యొద్దకు పోవుడు. ముట్లు సరిగా రానివారు, ఇదివరలో అండాశయమునకు శస్త్రచికిత్స జరిగినవారు, తల్లికి గాని అక్కకు గాని 45 లోపే ముట్లుడిగిన వారు అంతకాలమైనను ఆగవలదు. ఇద్దరును కలిసి పోవుడు. తొలినాడే ఇద్దరి పరీక్షలకును చీటి వ్రాయుమని అడుగుడు. ఎన్నాళ్ళనుండి ప్రయత్నించుచున్నారో ఆ తేదీని జీపీ కాగితములలో నమోదు చేయించుడు. మార్కులు లెక్కించునది ఆ తేదీనుండియే.